ఎవరి ఫోను వారి చేతిలో

క్యూఆర్ కోడ్ ఎంత మొండిదో తెలియాలంటే సూరత్‌లో పొద్దున్నే లోచో అనే ఫలహారం అమ్మే బండి దగ్గర కాసేపు నిలబడాలి. ఆల్థాన్ కెనాల్ రోడ్డు వైపు ఇలాంటి బండ్ల మీద అతికించిన ఆ నలుపు తెలుపు గళ్ల కాగితం ఆవిరికి ఉబ్బిపోయి ఉంటుంది. మీద నూనె మరకలు, పసుపు వేలిముద్రలు. ఒక అంచు చిరిగి వేలాడుతుంటుంది. అయినా ఫోను చూపించగానే దుకాణదారు పేరు తెరమీదికి వచ్చేస్తుంది. పాడైపోయిన కాగితాన్ని ఫోను ఎలా చదవగలిగింది?

1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం ఈ కోడ్‌ను తయారుచేసింది. వాళ్లకు కావలసింది కార్ల విడిభాగాల లెక్క. ఫ్యాక్టరీ అన్నాక గ్రీజు అంటుతుంది, దుమ్ము పడుతుంది. అందుకని కొంత చెడినా చదవగలిగేలా దాన్ని కట్టారు. దీని వెనక ఉన్న గణితం ఇంకా పాతది. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ అనే ఇద్దరు అమెరికన్లు రాసిన పద్ధతి అది. లోతుకు వెళ్తే కష్టమే గానీ, మూల సూత్రం పదో తరగతి లెక్కల పుస్తకంలో ఉన్నదే. రెండు బిందువులు చాలు, ఒక సరళరేఖ ఖాయమైపోతుంది. మనం పంపాల్సిన అంకెలు 3, 5 అనుకుందాం. ఆ రెండింటి మీదుగా గీత గీస్తే తర్వాతి మెట్ల మీద 7, 9 వస్తాయి. 3, 5 మాత్రమే కాక 3, 5, 7, 9 నాలుగూ ముద్రించామనుకోండి. మరక పడి 5, 9 కనిపించకుండా పోయినా 3, 7 ఉన్నాయి కదా, వాటితో గీత మళ్లీ గీసి పోయిన అంకెలు రాబట్టుకోవచ్చు. క్యూఆర్ కోడ్‌లో సరళరేఖకు బదులు ఇంకా సంక్లిష్టమైన సమీకరణాలు ఉంటాయి, అంతే తేడా. ముద్రించేవాళ్లు ఎంచుకున్న స్థాయిని బట్టి 7 శాతం నుంచి సుమారు 30 శాతం దాకా చెడినా తిరిగి కట్టుకోగలదు.

ఒకటి మాత్రం చెడకూడదు. కోడ్ మూడు మూలల్లో మూడు పెద్ద చతురస్రాలు ఉంటాయి, నాలుగో మూలలో ఉండదు. కాగితం ఏ వైపు తిరిగి ఉందో కెమెరా పట్టుకునేది వాటితోనే. ఈ మరమ్మతు గణితం ఆ చతురస్రాలకు వర్తించదు. కాగితం మధ్యలో పెద్ద మరక ఉన్నా పని జరుగుతుంది గానీ, మూల చతురస్రం మీద స్టిక్కరు పడితే ఫోను తికమకపడుతుంది.

ఈ బండ్లు ఉన్న ఆల్థాన్ సూరత్‌కు నైరుతి దిక్కున పెరిగిన పేట. ఒకప్పుడు ఊరు, ఇప్పుడు అపార్ట్‌మెంట్ల వరస. తూర్పుకు పోతే ఉధ్నా, ఆ పైన లింబాయత్. ఆ వైపు సాంచాల (మరమగ్గాల) షెడ్లలో దశాబ్దాలుగా తెలుగు వినిపిస్తోంది. నల్గొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో చేనేత కూడు పెట్టలేని రోజుల్లో బయల్దేరిన పద్మశాలి కుటుంబాలు షోలాపూర్‌కు, భివండీకి, సూరత్‌కు చేరాయి. ఇక్కడ ఎంతగా వేళ్లూనుకున్నాయంటే, సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది.

ఇలాంటి వలస కుటుంబానికి ఒకప్పుడు ప్రతి పనికీ మధ్యన ఇంకో మనిషి కావాల్సి వచ్చేది. ఇంటికి డబ్బు పంపాలంటే పోస్టాఫీసులో మనియార్డరు ఫారం నింపిపెట్టే మనిషి, ఆ పైన 100 రూపాయలకు 5 రూపాయల రుసుము. ఇంటిపన్ను కాగితం వస్తే గుజరాతీ చదివిపెట్టే మనిషి. రేషన్ కార్డు పనికి ఏజెంటు. రైలు టికెట్టుకు ఇంకో ఏజెంటు. ఫోను వచ్చాక ఇవన్నీ తీరిపోయాయని అనుకుంటాం. కానీ ఏ జిరాక్సు షాపు దగ్గర నిలబడినా, ఏ ఇంట్లో చూసినా ఒక మాట వినిపిస్తుంది: “అత్తమ్మా, ఫోన్ ఇటియ్యి, నేను చేసిస్త.” ప్రేమతో అన్న మాటే అది, సాయం చేయాలనే అన్నది. కానీ ఆ క్షణంలో పాత మధ్యమనిషి మళ్లీ వచ్చినట్టే. నా దృష్టిలో డిజిటల్ సౌకర్యానికి ఒకే పరీక్ష ఉంది. ఫోను ఇంకొకరి చేతిలో పెట్టకుండా ఆ పెద్దావిడ తన పని తాను ముగించుకోగలిగిందా? యాప్‌లు ఎన్ని ఉన్నాయన్నది కాదు లెక్క. ఆ పరీక్షలో నెగ్గే పరికరాలు ఇప్పుడు మన ఫోన్లలోనే ఉన్నాయి. లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలిస్తే వాటిని ధైర్యంగా వాడగలం.

మళ్లీ లోచో బండి దగ్గరికి వద్దాం. ఆ కోడ్‌లో డబ్బు లేదు, ఖాతా నంబరు కూడా లేదు. దాన్ని విప్పి చూస్తే ఒక చిన్న వాక్యం ఉంటుంది: ఇది యూపీఐ చెల్లింపు, చేరాల్సిన చిరునామా ఇది, పేరు ఇది. బండివాడి కోడ్‌లో ఎంత ఇవ్వాలో రాసి ఉండదు, పెద్ద దుకాణాల్లో బిల్లు మీద వచ్చే కోడ్‌లో అదీ ఉంటుంది. మీరు మొత్తం రాసి పిన్ కొట్టగానే ఆ సమాచారం మీ యాప్ నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు వెళ్తుంది. అది మీ బ్యాంకును అడుగుతుంది, బ్యాంకు పిన్ సరిచూసి సొమ్ము తగ్గిస్తుంది, అవతలి బ్యాంకు జమ చేస్తుంది, జవాబు వచ్చిన దారినే తిరిగి వస్తుంది. 2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్ 21 బ్యాంకులతో ప్రయోగాత్మకంగా ప్రారంభించిన ఈ వ్యవస్థ 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలు దాటింది.

ఇక్కడ గుండెకు హత్తుకోవాల్సిన సంగతి ఒకటుంది. పిన్ అడిగేది మీ ఖాతాలోంచి డబ్బు తీయడానికి, నిల్వ చూసుకోవడానికి లాంటి పనులకే. మీరు పిన్ కొట్టే ఆ చిన్న తెరను గీసేది కూడా మీరు వాడే యాప్ కాదు, పేమెంట్స్ కార్పొరేషన్ ఇచ్చిన ప్రత్యేక భాగం. అక్కడే అంకెలు సంకేతలిపిగా మారిపోతాయి, యాప్‌కు అవి కనిపించవు. డబ్బు రావడానికి పిన్ ఎక్కడా అవసరం పడదు, కోడ్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. “మీకు రీఫండ్ పంపుతున్నాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ మాట నిజం కావడానికి ఈ వ్యవస్థలో దారే లేదు. ఇది తెలిసిన మనిషిని మోసగించడం చాలా కష్టం. మోసగాళ్లు ఎక్కువగా వాడుకున్న దారి ‘డబ్బు పంపమని అభ్యర్థన’. వ్యక్తులు ఒకరికొకరు అలాంటి అభ్యర్థన పంపుకునే వీలును 2025 అక్టోబరు 1 నుంచి తీసేశారు. అంతకు ముందే, 2025 జూన్ 30 నుంచి, చెల్లించే ముందు అవతలివాళ్ల బ్యాంకు ఖాతాలో ఉన్న పేరే తెరమీద కనిపించాలన్న నిబంధన వచ్చింది. బండివాడి కోడ్ మీద రాత్రికి రాత్రి ఎవరైనా ఇంకో కోడ్ అతికించినా ఆ పేరు దొంగను పట్టిస్తుంది. కాబట్టి పిన్ కొట్టేముందు ఒక్క క్షణం పేరు చదవాలి.

డబ్బు పడగానే బండి మీద గట్టిగా అరిచే ఆ చిన్న డబ్బా సంగతి కూడా ఇలాంటిదే. దానిలో సొంత సిమ్ ఉంటుంది. కొనేవాడి ఫోను తెరతో దానికి సంబంధం లేదు, సర్వరు నుంచి కబురు అందితేనే నోరు విప్పుతుంది. పాత స్క్రీన్‌షాట్ చూపించి నడిచిపోయేవాళ్ల ఆట అక్కడ సాగదు. చేతులు పిండిలో ఉన్న మనిషి కళ్లెత్తకుండానే డబ్బు వచ్చిందో లేదో తెలుసుకుంటున్నాడు. ఫోను తీసి ఎవరికో చూపించి “వచ్చిందా?” అని అడగాల్సిన అవసరం తీరిపోయింది.

డబ్బు ఇటు తగ్గి అటు చేరకపోతే? గాభరా పడి ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని. అలా దొరికే నంబర్లలో దొంగవి ఎన్నో. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మనిషికి మనిషి పంపిన సొమ్ము చేరకపోతే మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి. దుకాణానికి చెల్లించినదైతే అయిదు రోజుల్లోగా రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. ఫిర్యాదు యాప్‌లోని ఆ లావాదేవీ మీద నొక్కే పెట్టవచ్చు.

ఇంట్లో ఖాతా ఒకరిదే, ఖర్చు చేసేది ఇద్దరు ముగ్గురు అన్న చోట ఫోను చేతులు మారుతుంది, పిన్ నోళ్లు మారుతుంది. దీనికోసం 2024 ఆగస్టులో యూపీఐ సర్కిల్ వచ్చింది. ఖాతా ఉన్నవాళ్లు నమ్మకమైన అయిదుగురి దాకా తమ ఖాతాతో చెల్లించే అనుమతి ఇవ్వొచ్చు. పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000 రూపాయల దాకా, ఒక్కోసారికి 5,000 దాకా వాళ్లే ఖర్చు పెట్టుకోవచ్చు. పాక్షిక అనుమతి అయితే ప్రతిసారీ అసలు మనిషి తన ఫోనులో పిన్ కొట్టి ఒప్పుకోవాలి. సాంచాల షెడ్డులో రాత్రి షిఫ్టులో ఉన్న కొడుకు, ఇంట్లో తల్లి కొనే పాల డబ్బుకు అక్కడి నుంచే ‘సరే’ అనొచ్చు. ఆమె ఫోను ఆమె చేతిలోనే ఉంటుంది, అతని పిన్ అతనికే తెలుసు. ఈ సౌకర్యం గురించి మన ఇళ్లలో ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

ఇక కాగితాల గొడవ. వలస మనిషికి ఇది డబ్బు కన్నా పెద్ద బాధ. రేషన్ కార్డు సొంతూర్లో, మనిషి సూరత్‌లో. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ పథకం 2019 ఆగస్టులో మొదలైనప్పుడు ప్రయోగం కోసం రాష్ట్రాలను రెండు జంటలుగా తీసుకున్నారు: ఆంధ్రప్రదేశ్–తెలంగాణ ఒకటి, గుజరాత్–మహారాష్ట్ర ఇంకొకటి. 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలూ చేరాయి. ఇప్పుడు జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డుదారు సూరత్ చౌకధరల దుకాణంలో ఆధార్ లేదా కార్డు నంబరు చెప్పి వేలిముద్ర వేస్తే తన వాటా ధాన్యం తీసుకోవచ్చు. కుటుంబంలో సగం మంది ఊళ్లోనే ఉంటే వాళ్ల వాటా వాళ్లు అక్కడే తీసుకోవచ్చు. ఒక మెలిక ఉంది: రాష్ట్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో ఇచ్చే కార్డులకు ఈ వెసులుబాటు వర్తించదు. తమ కార్డు ఏ కోవలోదో బయల్దేరేముందే తెలుసుకోవాలి.

మిగతా కాగితాలకు డిజిలాకర్. 2015 జులైలో వచ్చిన ఈ సేవను చాలామంది ఫొటోలు దాచుకునే సంచీలా వాడతారు. దాని అసలు బలం వేరే చోట ఉంది. మనం ఫొటో తీసి ఎక్కించిన కాగితానికి ప్రత్యేక విలువ లేదు. రవాణా శాఖో, పరీక్షల బోర్డో నేరుగా పంపిన పత్రం మాత్రం అసలుతో సమానమని 2017 ఫిబ్రవరిలో నిబంధన చేర్చారు. దానికి ఆ బలం డిజిటల్ సంతకం నుంచి వస్తుంది. పత్రంలోని ప్రతి అక్షరాన్నీ కలిపి ఒక గణిత సూత్రంలో వేస్తే నిర్ణీత పొడవున్న ఒక సంఖ్య వస్తుంది. పుట్టిన తేదీలో ఒక్క అంకె మార్చినా ఆ సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ సంఖ్యను శాఖవారు తమ రహస్య తాళంచెవితో ముడివేసి పంపుతారు, బహిరంగంగా ఉన్న జోడు తాళంచెవితో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అందుకే జిరాక్సు మీద గెజిటెడ్ అధికారి సంతకం కన్నా ఇది నమ్మదగినది. జిరాక్సులో అంకె దిద్దవచ్చు, ఇక్కడ దిద్దితే వెంటనే బయటపడుతుంది.

ఆధార్ విషయంలో ఇంకో జాగ్రత్త. అద్దె ఇంటికో, సిమ్‌కో ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చా అని ముందు అడగాలి. దాన్ని ఆధార్ వెబ్‌సైటు నుంచే దించుకోవచ్చు. 12 అంకెల్లో చివరి నాలుగే కనిపిస్తాయి. వేలిముద్రలకు తాళం వేసే సదుపాయం కూడా అక్కడే ఉంది. రేషన్‌కు వెళ్లే ముందు మాత్రం తాళం తీయడం మరవకూడదు.

గుజరాతీ చదవలేకపోవడం అన్నది సూరత్‌లో కొత్తగా దిగిన ప్రతి తెలుగువారికీ ఎదురయ్యే కష్టం. లిపిలో హిందీకి ఉన్నట్టు పైన గీత (శిరోరేఖ) ఉండదు గానీ, హిందీ వచ్చినవాళ్లకు అక్షరాలు కొంతవరకు అందుతాయి. కష్టమల్లా అంకెలతోనే. గుజరాతీ ఒకటి ఇంగ్లిషు తొమ్మిదిలా కనిపిస్తుంది. ఇంటిపన్నును ఇక్కడ ‘వేరో’ అంటారు. ఆ కాగితం మీద గానీ, కరెంటు బిల్లు మీద గానీ గుజరాతీ అంకెలు ఉంటే కొత్తవాళ్లకు గుండె ఝల్లుమంటుంది. ఫోను కెమెరాతో ఆ బిల్లును తెలుగులో చదువుకునే సౌకర్యం ఇప్పుడు ఉచితంగానే ఉంది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు, గుజరాతీ ఒకేసారి 2011 జూన్‌లో వచ్చి చేరాయి. మొదట్లో ఆ అనువాదాలు నవ్వు తెప్పించేవి. వాక్యాన్ని ముక్కలుగా కోసి అతికించే పాత పద్ధతి పోయి, వాక్యం మొత్తాన్ని ఒకేసారి చూసే నాడీజాల పద్ధతి వచ్చాక పరిస్థితి మారింది.

ఈ పనిలో రెండు మెట్లున్నాయి, తప్పు ఏ మెట్టులోనైనా జరగవచ్చు. మొదట ఫొటోలోని గీతలను అక్షరాలుగా గుర్తించాలి, తర్వాత ఆ అక్షరాలను తెలుగులోకి మార్చాలి. మడత మీద పడ్డ అంకెను మొదటి మెట్టులోనే తప్పు చదివితే రెండో మెట్టు దాన్ని అందంగా, తప్పుగానే అప్పజెబుతుంది. కాబట్టి బిల్లులో భావం ఫోను చెప్పినా, మొత్తం ఎంత, గడువు ఎప్పుడు అన్నవి అసలు కాగితంతో పోల్చుకోవాలి. అద్దె ఒప్పందం లాంటి వాటి మీద సంతకం పెట్టేముందు మాత్రం భాష వచ్చిన మనిషినే అడగడం మేలు, అక్కడ యంత్రాన్ని నమ్మమని నేను చెప్పను.

రాయడం సంగతికొస్తే, 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు, గుజరాతీతో సహా ఎనిమిది భారతీయ భాషల్లో మాట్లాడితే రాసే సౌకర్యం ఇచ్చింది. కీబోర్డులో మైకు గుర్తు నొక్కి, భాష తెలుగని ఎంచుకుని మాట్లాడితే చాలు. చదువు రాదని ఇన్నాళ్లూ మెసేజీ పక్కింటి పిల్లవాడితో రాయించుకున్నవాళ్లు ఇప్పుడు సొంత గొంతుతో రాయించవచ్చు. తెలంగాణ యాసను అది ఒక్కోసారి పుస్తక భాషలోకి మారుస్తుంది. అయినా కూతురికి చెప్పాలనుకున్న మాట పక్కింటివాళ్ల చెవిన పడకుండా చేరుతుంది. ఆ గోప్యతకు ఎంత విలువ ఇచ్చినా తక్కువే.

పాస్‌వర్డుల బాధ ఎక్కువమందిది. గుర్తుండక అన్నిటికీ ఒకటే పెట్టుకుంటారు, లేదా క్యాలెండరు వెనక రాసి గోడకు తగిలిస్తారు. పాస్‌వర్డుకు @, # లాంటి గుర్తుల కన్నా పొడవే బలం. చిన్న ఇంగ్లిషు అక్షరాలు ఎనిమిదింటితో చేయగల పాస్‌వర్డులు సుమారు 20,882 కోట్లు. కంప్యూటరుకు ఇది పెద్ద లెక్క కాదు. ఒక్కో అక్షరం పెంచినకొద్దీ ఆ సంఖ్య 26 రెట్లవుతుంది. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాస్తే మనకు గుర్తుంటుంది, యంత్రానికి అందదు. అంతకన్నా మంచిది పాస్‌కీ, దొరికిన చోటల్లా దాన్నే వాడాలి. ఇందులో ఫోను తనలో తాను జోడైన రెండు సంఖ్యలు తయారుచేసుకుని, ఒకటి వెబ్‌సైటుకిస్తుంది, రెండోది బయటపెట్టదు. లోపలికి వెళ్లాలనుకున్నప్పుడు వెబ్‌సైటు ఒక ప్రశ్న పంపుతుంది. మీరు వేలిముద్ర వేస్తే ఫోను తన రహస్య సంఖ్యతో దానికి జవాబు కడుతుంది. ఎవరికైనా చెప్పడానికి మీ దగ్గర పాస్‌వర్డు అంటూ లేదు, ఓటీపీ లేదు. దొంగ వెబ్‌సైటు అచ్చం బ్యాంకులా కనిపించినా, దాని చిరునామా వేరు కాబట్టి ఫోను జవాబే ఇవ్వదు. మన కళ్లు మోసపోయిన చోట కూడా ఫోను మోసపోదు.

ఊరెళ్లడానికి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ నుంచి వరంగల్ మీదుగానే పోతుంది. దసరాకో, బతుకమ్మకో టికెట్టు కావాలంటే ఫోనులోని క్యాలెండరే ఏజెంటు కన్నా మేలు. ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులైంది. ప్రయాణం తేదీకి 60 రోజుల ముందు గంట మోగేలా ఒకసారి పెట్టుకుంటే చాలు. తత్కాల్‌కు 2025 జులై నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఐఆర్‌సీటీసీ ఖాతా ఉండాలి. ఆ ధ్రువీకరణ పండగ ముందు రోజున కాక తీరిక ఉన్న రోజున చేసుకోవాలి.

ఇన్ని పనులు ఒకే ఫోనులో పెట్టాక అదే పోతే ఎలా అన్న భయం న్యాయమైనదే. పోయిన ఫోనుతో దొంగ వెంటనే మీ ఖాతా ఖాళీ చేయలేడు, తెరతాళం ఉంది, ఆ పైన పిన్ ఉంది. యూపీఐ యాప్ మొదలుపెట్టేటప్పుడు మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతటదే వెళ్లడం గమనించే ఉంటారు. ఆ ఫోను, ఆ సిమ్ ఒకరివేనని బ్యాంకు ముడివేసుకునేది అప్పుడే. దొంగ సిమ్ తీసి ఇంకో ఫోనులో వేస్తే ఆ ముడి మళ్లీ వేసుకోవాలి, పిన్ తెలియాలి. అయితే ఓటీపీలు ఆ సిమ్‌కే వస్తాయి కాబట్టి మొదట సిమ్ ఆపించాలి, వెంటనే బ్యాంకుకు చెప్పాలి. డబ్బు పోయినట్టు కనిపిస్తే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. తర్వాత పోలీసు ఫిర్యాదు నకలుతో సంచార్ సాథీ వెబ్‌సైటులో ఆ ఫోనును బ్లాక్ చేయించవచ్చు. 2023 మే నుంచి దేశమంతటా ఉన్న ఈ సదుపాయంతో ఏ కంపెనీ సిమ్ వేసినా దేశంలో ఆ ఫోను పనిచేయదు. దొరికాక మళ్లీ మనమే తెరిపించుకోవచ్చు. దీనికి ఫోనుకున్న 15 అంకెల ఐఎంఈఐ నంబరు కావాలి. *#06# నొక్కితే తెరమీదికి వస్తుంది, కొన్న పెట్టె మీద కూడా ఉంటుంది. రెండు సిమ్‌ల ఫోనుకు రెండు నంబర్లుంటాయి, రెండూ రాసుకోవాలి. రాసిన కాగితం ఇంట్లో రేషన్ కార్డు పెట్టే చోటే పెడితే వెతుకులాట ఉండదు.